పెళ్ళి కేసెట్టులో రెండో భాగం

పలాసలో ఇప్పుడు ఖాళీ డీవీడీ డిస్కు దొరకడం గగనమైపోయింది. ఆ మధ్య ఒక పూటంతా కాశీబుగ్గ రోడ్డు మీద షాపులన్నీ తిరిగాను. ఒకాయన నవ్వి ఊరుకున్నాడు. ఇంకొకాయన, "ఇంకా అయ్యి ఎవులు సూత్తన్నారు బావా?" అన్నాడు. చివరికి ఒక పాత షాపులో అటక మీంచి అట్టపెట్టె దింపించి, అడుగున పడివున్న కట్ట ఒకటి తీసి, దుమ్ము దులిపి ఇచ్చారు. ఆడకపోతే మళ్ళీ తెచ్చి మా మొహాన కొట్టొద్దని ముందే చెప్పారు కూడా. అవి చాలు నాకు. ఇప్పుడు నేను డిస్కు కొట్టేది ఒక్క మనిషి కోసం. ఆ మనిషి మా అప్ప, నా తోడబుట్టిన అక్క.

ఒకప్పుడు ఇదే నా బతుకుతెరువు. బోర్డు మీద వీడియో మిక్సింగ్ అని పెద్దక్షరాలతో ఉండేది. పెళ్ళిళ్ళు తీయడం, తీసినదాన్ని కత్తిరించి పాటలూ పువ్వులూ కలపడం, డిస్కులోకి ఎక్కించి ఇవ్వడం. జనం దాన్ని పెళ్ళి కేసెట్టు అనే అనేవారు. కేసెట్లు పోయి ఎన్నేళ్ళయినా ఆ మాట మాత్రం పోలేదు. కెమెరాలోంచి వచ్చిన ఫైలును ఉన్నదున్నట్టు డిస్కులో పడేస్తే కంప్యూటర్లో ఆడుతుంది గానీ, టీవీ కింద ఉండే ప్లేయరు దాన్ని గుర్తుపట్టదు. ముందు ప్లేయరుకు తెలిసిన రకంలోకి మార్చాలి. ఆ మార్చడానికి పెళ్ళంత సేపు పడుతుంది. ఆ తర్వాత డిస్కు కొట్టడం, అంటే రైటరులో పెట్టి దాని మీదికి ఎక్కించడం. తొందరపడి ఎక్కువ స్పీడులో కొడితే మా షాపులో ఆడింది వాళ్ళింట్లో ఆడదు. మా ఉద్దానం ఊళ్ళ ఇళ్ళలో ఉండేవన్నీ సముద్రపు ఉప్పుగాలి తిన్న ప్లేయర్లు, ఒక్కోదానిది ఒక్కో మొండితనం. అందుకని నిమ్మళంగా, తక్కువ స్పీడులో కొట్టేవాణ్ణి. పెళ్ళివారు గుమ్మంలో కూర్చుని ఇంకా ఎంతసేపని సణిగితే, పిల్లని చూసుకోడానికి ఏడాది తిరిగారు కదా, నాకు ఒక్క పూట ఇవ్వలేరా అని కసిరేవాణ్ణి.

పెళ్ళి పని సీజనుకే. చావు పని ఏడాది పొడుగునా ఉండేది. మా వైపు సంగతి తెలియనిది ఎవరికి గనక. చెట్టంత మగవాళ్ళు కిడ్నీలు పోయి నడివయసులోనే రాలిపోతుంటారు. పోయినాయనకు పెద్దకర్మ రోజుకి ఫ్లెక్సీ కావాలి. ఫ్లెక్సీకి ఫోటో కావాలి. ఫోటో ఉండదు. పొద్దున లేస్తే కొబ్బరిచెట్టెక్కి దిగేవాడికి స్టూడియోతో పనేముంటుంది. అప్పుడు ఎవరిదో పెళ్ళి కేసెట్టు పట్టుకొచ్చేవారు. "బంతిలో కూకొని తింతన్నాడు సూడు, నీలం సొక్కా, ఆయనే" అని తెర మీద వేలు పెట్టి చూపించేవారు. నేను ఆ భోజనాల బంతిని ముందుకీ వెనక్కీ తిప్పి, ముద్ద నమిలి మింగి నోరు మూసిన చోట ఆపి, ముఖం కత్తిరించి, వెనకాల మబ్బులు పెట్టి ఇచ్చేవాణ్ణి. అలా ఎంతమందిని విస్తరి ముందు నుంచి లేపి మబ్బుల్లో కూర్చోబెట్టానో నాకే తెలియదు. వాళ్ళ ఆడవాళ్ళు ఆ ముఖం చూసి ఏడుస్తుంటే నాకు కోపం వచ్చేది. వాళ్ళ మీద కాదు. ఎవరి మీదో తెలియని కోపం. అది ఇప్పటికీ నాలోంచి పోలేదు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. పెళ్ళినాటికి పెళ్ళికూతురి తండ్రో తల్లో లేకపోతే, తాళి కట్టే చోట తెర మూలన కోడిగుడ్డు ఆకారంలో వాళ్ళ ఫోటో పెట్టి, చుట్టూ దండ, కింద దీపం వేసేవాళ్ళం. చాలామంది అడిగి మరీ వేయించుకునేవారు. నా షాపులో కూర్చుని కూర్చుని ఇవన్నీ మా బావకు కంఠతా వచ్చేశాయి.

బావ అంటే మా అప్ప మొగుడు. కవిటి వైపు, సముద్రం హోరు వినబడే ఊరు వాళ్ళది. కొబ్బరితోట, కాస్త జీడి. ఎదుటివాణ్ణి ఆటపట్టించందే పూట గడవని మనిషి. షాపుకొచ్చినప్పుడల్లా తెర మీద ఎవరి పెళ్ళి ఉంటే వాళ్ళు అయిపోయారన్నమాటే. అలాంటి మనిషికి ముందు కాళ్ళు వాచాయి, తర్వాత ముఖం వాచింది, తర్వాత మా ఊళ్ళలో అందరూ ఎప్పుడో ఒకప్పుడు వింటామని భయపడే ఆ మాట డాక్టరు నోట విన్నాడు. డయాలసిస్‌కి పలాసలో బెడ్డు దొరికింది. అప్పా ఆయనా పొద్దున్నే బస్సెక్కి వచ్చేవారు. మిషను మీంచి దిగాక నా షాపులో కాసేపు చేరబడి, ఓపిక వచ్చాక మళ్ళీ బస్సెక్కేవారు.

ఆ జబ్బులో సూదుల కంటే, మందుల కంటే మనిషిని ఏడిపించేది నీళ్ళు. లోపలికి పోయిన నీళ్ళు బయటికి రావు. అందుకని రోజుకి ఇంత అని కొలత. అప్ప పొద్దున్నే ఒక చిన్న కూల్‌డ్రింకు సీసా నింపి దేవుడి గూట్లో పెట్టేది. ఆయనకు ఆ రోజుకి అంతే. మాత్రలు మింగేది ఆ నీళ్ళతోనే. టీ తాగితే, తాగినంత టీకి సరిపడా సీసాలోంచి ఒంపి పారబోసేది. మజ్జిగకీ అదే లెక్క. సాయంత్రానికి అడుగున మిగిలే రెండు గుక్కల కోసం ఆయన బతిమాలేవాడు, తిట్టేవాడు. ఒకరోజు గోడవైపు తిరిగి ఏడ్చాడని నా మేనకోడలు చెప్పింది. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు పెట్టుకుని ఒక్క బొండాం తాగడానికి లేదు. ఆ నీళ్ళు ఆయనకు విషంతో సమానమని డాక్టరు చెప్పాడు. వంటింట్లో నీళ్ళబిందె మీద మూత, మూత మీద బోర్లించిన గ్లాసు. ఆ గ్లాసు ఎటు తిప్పి పెట్టిందో అప్ప గుర్తుపెట్టుకునేది. మొగుడి నీళ్ళకు కాపలా కాసే గయ్యాళి అని ఊళ్ళో ఆడవాళ్ళు అన్నారు. అననీ అంది.

ఆమె గయ్యాళి కాదు. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి చేరితే మనిషి ఏమైపోతాడో పక్క బెడ్డు మీద కళ్ళారా చూసింది. ఆ చూసినది ఆమె ఎవరికీ చెప్పలేదు, నాకు తప్ప.

మేనకోడలికి సంబంధం కుదిరింది. నిమ్మాడ వాళ్ళు, అబ్బాయి టెక్కలిలో పని చేసుకుంటున్నాడు. మంచి మనుషులే. మూఢం అడ్డొచ్చి ముహూర్తం నెలలు వెనక్కి పోయింది. ఆ వారంలోనే ఒకరోజు డయాలసిస్ అయ్యాక, అప్పను మందులు తెమ్మని పంపి బావ ఒక్కడే షాపులోకి వచ్చాడు. సంచిలోంచి కొత్త పంచె, జరీ కండువా తీసి నా బల్ల మీద పెట్టాడు.

"ఏటి బావా ఇది?" అన్నాను.

"గుంట పెళ్ళికి కట్టుకుందారని తెచ్చుకున్నాను. అప్పటికి నానుంటానో నేదో. ఇప్పుడే తీసీ. తరవాత నువ్వే పెళ్ళిలో కలిపీ."

గుంట అంటే కూతురు. మా వైపు ఆడపిల్లను అలాగే అంటాం. నాకు ఒళ్ళు మండింది. పిచ్చి మాటలు మాట్లాడితే షాపులోంచి గెంటేస్తానన్నాను.

"నువ్వు మబ్బుల్లో కూకోబెట్టినోల్లు కూడా ఇలాటి మాటలే ఇన్నార్రా" అన్నాడు నవ్వుతూ. తర్వాత ఆ నవ్వు ఆపేశాడు. "సూడు, ఆ గుడ్డుబొమ్మలో దండేసి పెట్టకు నన్ను. గుంట పెళ్ళికి నాను సచ్చినోడిలాగ రాకూడదు. జనంలో నిలబడాల, అచ్చింతలెయ్యాల. ఇంకోటి. మీ అప్పకి ఫోను సూడ్డం రాదు. మా ఇంట్లో ఆ పాత ప్లేయర్లోనే ఆడీలాగ సెయ్యి."

కెమెరా స్టాండుకి బిగించాను. షాపు వెనక గదిలో గోడకు పచ్చగుడ్డ కట్టి ఉండేది. దాని ముందు మనిషిని తీస్తే, తర్వాత గుడ్డను చెరిపేసి ఆ మనిషిని ఎక్కడ కావాలంటే అక్కడ నిలబెట్టొచ్చు. కొత్త దంపతుల్ని కాశ్మీరు మంచులో తిప్పేది ఆ గుడ్డతోనే. "తోటలో పచ్చదనం సాలదని మల్లీ పచ్చగుడ్డ ముందర నిలబెట్టేవా?" అన్నాడు. సూదులు గుచ్చిన చేతి కట్టు కనబడకుండా కండువా సర్దుకున్నాడు. నల్లబడిన ముఖానికి నేనే పౌడరు రాశాను. ఎక్కువసేపు నిలబడలేడని ఒక స్టూలు వేశాను. కుడివైపు చూడు, నవ్వు, ఇప్పుడు వెయ్యి అంటుంటే గాలిలోకి అక్షింతలు వేశాడు. రెండుసార్లు వేశాక గిన్నెలోకి చూసి ఆగిపోయాడు.

"ఇయ్యి అచ్చింతలేటిరా, తెల్లగున్నాయి. శుభానికి తెల్లబియ్యం ఎవులేత్తారు? పసుపు కలిపి అట్టుకురా."

మా ఇల్లు షాపు మేడ మీదే. స్టాండు మీద కెమెరా ఆపకుండానే మెట్లెక్కి వెళ్ళాను. పసుపు డబ్బా వెతికి, నెయ్యి చుక్క వేసి, కలిపి తెచ్చేసరికి ఆయన స్టూలు మీద బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. మళ్ళీ తీశాం. ఈసారి పచ్చటి అక్షింతలు చక్కగా పడ్డాయి. అప్ప వచ్చేసరికి పంచె మడతపెట్టి సంచిలో వేసేసుకున్నాడు. అప్పకు నేనూ ఏమీ చెప్పలేదు.

తర్వాతి డయాలసిస్‌కి తూకం చూస్తే, ఒంట్లో నీరు చేరి, ఎప్పుడూ లేనంత పెరిగి ఉంది. అప్ప ఆస్పత్రి వరండాలోనే నిలదీసింది.

"ఎక్కడ తాగేవు? బిందె ముట్టుకోనీనేదు నాను. ఎక్కడ తాగేవో సెప్పు."

"తాగనేదే. గుంట మీద ఒట్టు."

పెళ్ళి కావలసిన కూతురి మీద ఒట్టు పెడితే ఇంకేమంటుంది. నమ్మింది. నమ్మి, మరి ఆ తూకం ఎక్కడిదని ఆలోచించుకుని, తప్పు తన వంటలోనే ఉందనుకుంది. పప్పు పల్చగా అవుతోందని పప్పు మానేసింది. సాయంత్రం ఇచ్చే రెండు గుక్కల్లో ఒకటి తగ్గించింది. ఆయన కిక్కురుమనలేదు. అన్నిటికీ నోరు పెట్టుకునే మనిషి దానికి మాత్రం ఎందుకు ఊరుకున్నాడో అప్పుడు మాకెవరికీ అర్థం కాలేదు.

ముహూర్తం ఇంకా దూరంగా ఉండగానే బావ పోయాడు. తెల్లవారుతూనే ఊపిరాడక అంబులెన్సు ఎక్కించారు. దారిలో నీళ్ళడిగాడు. ఆస్పత్రికెల్లి మిషను మీద పెట్టినాక ఇత్తాను, కాసేపు ఓర్చుకో అంది అప్ప. పలాస పొలిమేర దాటకుండానే అయిపోయింది.

పెద్దకర్మ రోజున బ్రాహ్మడు తర్పణాలు వదిలిస్తుంటే అప్ప లోపలి గదిలోంచి బయటికి వచ్చింది. చెంబులోంచి నీళ్ళు వేళ్ళ మీదుగా జారడం నిలబడి చూసింది. "ఇప్పుడు పోత్తన్నారా నీల్లు?" అంది. గట్టిగా కూడా అనలేదు. "బతికున్నోడు అడిగితే గుక్కెడు ఇయ్యనేదు నాను. నీల్లకి ఏడిపించి సంపేను." ఎవరో ఆమెను పట్టుకుని లోపలికి తీసుకుపోయారు. ఫ్లెక్సీలో బావ ముఖం నేనే పెట్టాను. మబ్బులు పెట్టలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మేనకోడలు ఫోను చేసింది. "మావా, అమ్మ నీల్లు తాగట్నేదు" అంది. వెళ్ళాను. గూట్లో ఆ కూల్‌డ్రింకు సీసా అలాగే ఉంది. అప్ప పొద్దున్నే దాన్ని నింపుతోంది. మాత్రలు మింగడానికి మనిషి లేడు కాబట్టి ఇప్పుడు ఆ సీసా ఆమెది. ఆ ఎండల్లో, తోటలో కొబ్బరిమట్టలు ఏరుకుంటూ, జీడిగింజలు కొట్టుకుంటూ, రోజంతా ఆ సీసాతోనే గడుపుతోంది. పెదాలు పగిలిపోయాయి. నేను తిట్టాను. ఉద్దానంలో పుట్టి నీళ్ళు మానేసేదాన్ని ఎక్కడైనా చూశారా, నువ్వు కూడా ఆ మిషను మీదికెక్కుతావా అని అరిచాను. "ఎక్కుతాను. ఆయనెంత ఓర్చుకున్నాడో నాకూ తెలవాల" అంది. ఉన్న ఒక్క మనిషి పోయాడు, ఇంకో మనిషి కూడా నా కళ్ళ ముందే ఎండిపోతుంటే చూస్తూ ఊరుకోవాలా అని బస్సులో తిరిగి వస్తూ ఏడ్చాను.

ఏడాది తిరక్కుండా కన్యాదానం చేస్తే మంచిదన్నారని, ఆ ముహూర్తానికే టెక్కలి కల్యాణమండపంలో పెళ్ళి చేశారు. బావ తమ్ముడూ భార్యా పీటల మీద కూర్చున్నారు. అప్ప వెనక స్తంభం దగ్గర కుర్చీలో కూర్చుంది. కెమెరా నేనే పట్టుకున్నాను. తాళి కట్టే వేళకి మండపం పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా వదలమన్నాను. చుట్టాలకి అర్థం కాలేదు. ఖాళీ కనిపిస్తే చాలు ఎవరో ఒకరు దూరిపోతున్నారు. ఒక పెద్దాయన్ని జబ్బ పట్టుకుని పక్కకు లాగాను. పెళ్ళిలో నా మీద చాలామందికి కోపం వచ్చింది. రానీ అనుకున్నాను.

తర్వాత షాపులో కూర్చుని బావను తీసిన ఫైలు తెరిచాను. అంతకు ముందు తెరవడానికి మనసొప్పలేదు. తెల్ల అక్షింతలు, పసుపు కలిపి తెమ్మనడం, నేను తలుపు తీసుకుని పోవడం, అన్నీ ఉన్నాయి. కెమెరా ఆపలేదు కదా, ఆ తర్వాతదీ ఉంది. ఆయన తలుపువైపు చెవి పెట్టాడు. మెట్ల మీద నా చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగాడు. స్టూలు మీంచి లేచి, కిటికీ గట్టు మీదున్న నా పెద్ద నీళ్ళసీసా అందుకున్నాడు. మూత తీసి ముందు ఎంగిలి కాకుండా ఎత్తి పోసుకున్నాడు. రెండు గుక్కలయ్యాక ఆ మర్యాద వదిలేసి సీసా నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. గొంతు పైకీ కిందికీ కదులుతూనే ఉంది. నీళ్ళు గడ్డం మీంచి కొత్త కండువా మీదికి కారాయి. ఆగి, రొప్పి, మళ్ళీ ఎత్తాడు. అడుగుదాకా తాగాడు. ఖాళీ సీసాను పచ్చగుడ్డ వెనక్కి దోపి, కండువా తడిసిన వైపు లోపలికి మడిచి, స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను లోపలికి రాగానే, "ఎంతసేపురా, పసుపు కొమ్ములు దంచి తెత్తన్నావేటి?" అన్నాడు.

ముందు కోపం వచ్చింది. తర్వాత నవ్వు వచ్చింది. తర్వాత తెర ముందు తల పట్టుకుని కూర్చుండిపోయాను. ఆయన నోరెత్తకుండా ఒక గుక్క తగ్గించుకున్నది ఎందుకో అప్పుడు తెలిసింది.

అప్పకు చెప్పకూడదనుకున్నాను. కూతురి మీద దొంగ ఒట్టు వేశాడని తెలిస్తే ఏమవుతుందో. ఇలా దొంగతనంగా తాగే ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని ఆమెకు తోస్తే ఇంకేమవుతుందో. అలాగని చెరపడానికీ చెయ్యి రాలేదు. మిగతాదంతా కెమెరా కోసం నవ్విన నవ్వు. ఎవరి కోసమూ కాకుండా ఆయన ఉన్నది ఆ కాస్త సేపే. పైగా కంప్యూటర్లో ఉంచిన వస్తువు మీద నాకు నమ్మకం లేదు. ఒకసారి పిడుగు పడి హార్డ్ డిస్కుతో పాటు ఎందరి పెళ్ళిళ్ళో పోయాయి. అందుకని డిస్కులో పెళ్ళిని మొదటి భాగంగా పెట్టి, కత్తిరించని ఆ ఫైలును రెండో భాగంగా దాచాను. దానికి వెళ్ళడానికి తెర మీద బటన్ పెట్టలేదు. ఎప్పుడైనా మేనకోడలికి ఒక్కదానికీ చూపిద్దామనుకున్నాను. షాపు ప్లేయర్లో వేసి చూశాను. పెళ్ళి అవగానే ఆగిపోయింది. నిశ్చింతగా పట్టుకెళ్ళాను.

మేనకోడలు పుట్టింటికి వచ్చిన రోజది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. బావ కొన్న ప్లేయరే, పైన గుడ్డ కప్పి ఉంచారు. డిస్కును రెండుసార్లు బయటికి నెట్టి మూడోసారి మింగింది. పెళ్ళి నడిచింది. తాళి కట్టే వేళకి, నేను వదిలించిన ఖాళీలో బావ నిలబడి పచ్చటి అక్షింతలు వేశాడు. దండ లేదు, దీపం లేదు, పెళ్ళిలో మనిషి. మేనకోడలు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. అప్ప ఏడవలేదు. "బాగున్నాడు" అంది అంతే. ఆమె పక్కన ఆ సీసా ఉంది, సగానికి పైనే నీళ్ళున్నాయి.

అప్పగింతలు అయిపోయాయి. తెర నల్లబడింది. ఇక లేద్దామనుకునేంతలో పచ్చగుడ్డ వచ్చింది. ఆ ముసలి ప్లేయరు ఆగాల్సిన చోట ఆగకుండా రెండో భాగంలోకి పోయింది. రిమోటు నొక్కాను, పలకలేదు. స్విచ్చు ఆపడానికి లేచాను.

"ఉండు" అంది అప్ప.

నేను ఆగిపోయాను. తెర మీద ఆయన తలుపువైపు చెవి పెట్టాడు, సీసా ఎత్తాడు. పసుపు కొమ్ముల మాట కూడా వినబడింది.

"అది ఎప్పుడు?" అంది.

చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని లెక్క చూసుకుంది. "తూకం పెరిగినప్పుడు" అంది.

"అవునప్పా."

తిడుతుందని, శాపనార్థాలు పెడుతుందని, కుప్పకూలిపోతుందని, అన్నీ అనుకున్నాను. నేను అనుకున్నదేదీ జరగలేదు.

"మల్లీ ఎయ్యి."

వేశాను. ఈసారి ముందుకు జరిగి, టీవీకి జానెడు దూరంలో కూర్చుని చూసింది.

"సీసా అంతా తాగీసేడా?"

"అడుగుదాకా తాగీసేడు."

"సల్లటియా?"

"కుండలోయి పోసుకుంటానప్పా. సల్లగానే ఉంటాయి."

"మరయితే కడుపునిండా తాగేడు" అంది. చాలాసేపు ఏడ్చింది. మేనకోడలు పట్టుకోబోతే నేనే వద్దన్నాను. ఏడ్చి ఏడ్చి, పమిటతో ముఖం తుడుచుకుని, వంటింట్లోకి వెళ్ళింది. బిందె మీద గ్లాసు తీసిన చప్పుడు, మూత పక్కన పెట్టిన చప్పుడు వినబడ్డాయి. మేనకోడలు నా వైపు చూసింది. తర్వాత గ్లాసు నీళ్ళలో ముంచిన చప్పుడు వినబడింది.

అంతటితో తీరిపోయిందని చెప్పను. మర్నాటికి ఆ సీసా మళ్ళీ గూట్లోకి వచ్చింది. మనిషి మనసు ఒక్క మధ్యాహ్నంలో తిరగదు. కానీ వారం తిరక్కుండా మేనకోడలితో కబురు చేయించింది. పెళ్ళి అక్కర్లేదట. ఆ నీళ్ళు తాగింది ఒక్కటే ఒక డిస్కులో కొట్టి ఇమ్మంది. మాటిమాటికీ రిమోటు నొక్కలేదట, దానంతటదే మళ్ళీ మళ్ళీ రావాలట. నేను ఆ ముక్కను కత్తిరించి, ఒకదాని వెనక ఒకటి డిస్కు నిండేదాకా పేర్చి, తక్కువ స్పీడులో కొట్టి ఇచ్చాను. అప్పటినుంచి అన్నాల వేళకీ, తోటలోంచి వచ్చాకా ఆ డిస్కు వేసుకుంటోంది. ఆయన తాగేటప్పుడే ఆమె తాగుతుంది. మిగతా వేళల్లో గ్లాసు చేతికిచ్చినా పక్కన పెట్టేస్తుంది.

అందుకే నాకు ఖాళీ డిస్కులు కావాలి. ఉప్పుగాలికి, వాడకానికి డిస్కు త్వరగానే పాడవుతుంది. పాడైనప్పుడు బావ సీసా నోటి దగ్గర పెట్టుకుని అలాగే బిగుసుకుపోతాడు. ఆ రోజు ఆ ఇంట్లో ఆయనకీ ఆమెకీ ఇద్దరికీ నీళ్ళుండవు. అప్ప కబురంపితే మేనకోడలు ఫోను చేస్తుంది, నేను బస్సెక్కుతాను. అల్లుడు పాపం ఫోన్లో వేసిస్తానన్నాడు. "ఫోన్లో సిన్నగుంటాడు. అంత సిన్న గొంతులోకి నీల్లేటి దిగుతాయి?" అంది. బోర్డు దింపేశాను, పచ్చగుడ్డ ఎప్పుడో చిరిగిపోయింది, ఆ డీవీడీ రైటరు మాత్రం దాచుకున్నాను.

మొన్న కొత్త కట్టలోంచి ఒకటి కొట్టి పట్టుకెళ్ళాను. అప్ప గుమ్మంలో జీడిపప్పు పొట్టు తీస్తోంది. నన్ను చూసి చేతులు తుడుచుకుని లేచింది. డిస్కు వేశాను. ఆడుతుందో ఆడదో అని ఇద్దరం నిలబడి చూశాం. పచ్చగుడ్డ వచ్చింది. బావ తలుపువైపు చెవి పెట్టాడు. అప్ప వంటింట్లోంచి బిందె తెచ్చి టీవీ ముందు పెట్టుకుని గ్లాసు ముంచింది. ఆయన ఎత్తాడు, ఆమె ఎత్తింది. ఆయన ఆగి రొప్పితే ఆగింది. అయిపోయి మళ్ళీ మొదలైంది. ఆడుతోందిగా, ఇక చాల్లే అని నేను స్విచ్చు దగ్గరికి చెయ్యి పోనిచ్చాను.

"ఉండనీరా" అంది అప్ప, గ్లాసు మళ్ళీ బిందెలో ముంచుతూ. "ఇంకా తాగనీ."